కౌంటీ జైల్లో బుకింగ్: లోపల ఏం జరుగుతుంది, బయట ఉన్నవాళ్లు ఏం చేయాలి

రాత్రి రెండింటికి తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తుంది. ఎత్తితే మనిషి గొంతు ఉండదు, రికార్డు చేసిన మాటలు వినిపిస్తాయి: ఫలానా కౌంటీ జైల్లో ఉన్న ఖైదీ మీతో మాట్లాడాలనుకుంటున్నారు, సరేనంటే ఒక అంకె నొక్కండి. చాలామంది స్పామ్ అనుకుని పెట్టేస్తారు. నేనూ మొదటిసారి పెట్టేశాను. రెండోసారి వచ్చినప్పుడు, పేరు చెప్పుకోవడానికి ఇచ్చే రెండు సెకన్ల ఖాళీలో "అన్నా, నేనే, పెట్టేయకు" అని వినిపించింది. మా పాత రూమ్మేట్. ఆ రాత్రి నుంచి మర్నాడు సాయంత్రం దాకా నేను చేసిన పనుల్లో సగం దండగ, ఒకటి రెండు అతనికి నష్టం చేసేవి. అప్పుడు నా చేతిలో ఏ కాగితం ఉంటే బాగుండేదో అదే ఇది.

ఇందులో చెప్పేదంతా టెక్సాస్‌ను దృష్టిలో పెట్టుకుని. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో మనవాళ్లు ఎక్కువ, నాకు తెలిసిందీ అక్కడిదే. మిగతా రాష్ట్రాల్లో వరస దాదాపు ఇంతే, గడువులూ బెయిల్ పద్ధతులూ మాత్రం మారతాయి. ఇది లాయర్ సలహాకు బదులు కాదు. లాయర్ దొరికేలోపు గడిచే మొదటి రాత్రికి పనికొస్తుంది.

ముందు ఏ జైలో తేల్చుకోండి

అమెరికాలో జైలు వేరు, ప్రిజన్ వేరు. ప్రిజన్ రాష్ట్రానిదో కేంద్రానిదో. పెద్ద నేరాల్లో శిక్ష పడినవాళ్లు అక్కడికి వెళ్తారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, దాని జైలు మన సబ్ జైలుకు దగ్గర: విచారణ ఇంకా మొదలుకానివాళ్లు, బెయిల్ కోసం చూస్తున్నవాళ్లు, చిన్న నేరాల్లో ఏడాది లోపు శిక్ష పడినవాళ్లు ఉంటారు. దాన్ని నడిపేది షెరీఫ్. ఆయన నాలుగేళ్లకోసారి జనం ఓట్లతో గెలిచి వచ్చే మనిషి. టెక్సాస్‌లో 254 కౌంటీలు ఉన్నాయి, ఎవరి లెక్క వాళ్లది.

ఇక్కడే మొదటి తికమక. ఊరు ఒకటే అయినా కౌంటీ ఒకటి కాకపోవచ్చు. ఫ్రిస్కోలో కొంత భాగం కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. రోడ్డుకు ఇటు అరెస్టయితే మెకిన్నీలోని జైలు, అటు అయితే డెంటన్ జైలు. ఇర్వింగ్ అయితే డాలస్ కౌంటీ, అంటే డాలస్ డౌన్‌టౌన్ పక్కన ఉన్న ల్యూ స్టెరెట్ జస్టిస్ సెంటర్. పైగా కొన్ని నగరాలకు సొంత లాకప్ ఉంటుంది. అరెస్టయిన మనిషి మొదటి కొన్ని గంటలు అక్కడే ఉండి, తర్వాత కౌంటీకి మారతాడు. అందుకే కౌంటీ వెబ్‌సైట్‌లో పేరు కనిపించలేదంటే మనిషి అక్కడ లేడని ఖాయం చేసుకోకండి. బుకింగ్, అంటే మనిషి వివరాలు, వస్తువులు, వేలిముద్రలు జైలు రికార్డులోకి ఎక్కించడం, పూర్తయ్యేదాకా పేరు ఎక్కదు. ముందు అరెస్టు చేసిన నగర పోలీసుల నాన్ ఎమర్జెన్సీ నంబర్‌కు, తర్వాత కౌంటీ జైలుకు ఫోన్ చేయండి.

పేరు వెతకడం మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన తలనొప్పి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎక్కడ పడిందో, అసలు పడిందో లేదో చూడండి. పాస్‌పోర్టులో ఒకే గడి నిండి ఉంటే అమెరికా వీసా మీద మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యు అని అచ్చవుతుంది. పేరు తెలియదు అని దానర్థం. జైలు కంప్యూటర్‌లో కూడా మీ తమ్ముడి మొదటి పేరు అదే కావచ్చు. ఇంటిపేరుతో ఒకసారి, సొంత పేరును ఇంటిపేరు గడిలో వేసి ఒకసారి, ఎఫ్ఎన్‌యుతో ఒకసారి వెతకండి. పుట్టిన తేదీ అడిగితే పాస్‌పోర్టులో ఉన్నదే చెప్పాలి. ఇంట్లో పుట్టినరోజు చేసుకునే తేదీ కాదు, టెన్త్ సర్టిఫికెట్‌లో వేయించిన తేదీ. నెల ముందు, రోజు తర్వాత.

పోలీసు కారు వెనక సీట్లో

బుకింగ్ మొదలయ్యేది జైలు గేటు దగ్గరే కానీ, కేసు మాత్రం కారులోనే చెడుతుంది.

సినిమాల్లో చూసి మనవాళ్లు ఒకటి నమ్ముతారు: చేతికి బేడీలు వేసేటప్పుడు హక్కులు చదివి వినిపించకపోతే కేసు కొట్టేస్తారని. 1966 నాటి మిరాండా తీర్పు చెప్పింది అది కాదు. కస్టడీలో ఉన్న మనిషిని ప్రశ్నించే ముందు హక్కులు చెప్పాలి, చెప్పకుండా రాబట్టిన జవాబులను అతని మీద సాక్ష్యంగా వాడకూడదు, అంతే. ప్రశ్నలేవీ వేయకుండా కారెక్కించుకుని వెళ్తే చదవాల్సిన పనే లేదు. అడగకుండా మీ అంతట మీరు చెప్పిన మాటలకు ఆ రక్షణ వర్తించదు. కారులో కెమెరా ఉంటుంది, మైకు ఉంటుంది. ఇద్దరు స్నేహితులను వెనక సీట్లో కూర్చోబెట్టి పోలీసు బయట నిలబడ్డాడంటే, తెలుగులో మాట్లాడుకుంటే వాళ్లకేం అర్థమవుతుందిలే అనుకోవద్దు. రికార్డింగ్ ఎక్కడికీ పోదు, తెలుగు వచ్చినవాళ్లకు అమెరికాలో కొదవ లేదు.

ఊరికే మౌనంగా కూర్చుంటే కూడా సరిపోదు. 2010లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, మౌనంగా ఉండే హక్కు వాడుకుంటున్నానని నోరు తెరిచి చెప్పాలంది. వింతగా ఉంటుంది కానీ నియమం అదే. "నేను మాట్లాడను, నాకు లాయర్ కావాలి" అని ఇంగ్లిష్‌లో స్పష్టంగా, మర్యాదగా ఒక్కసారి చెప్పాలి. "లాయర్‌తో మాట్లాడితే మంచిదేమో" అని నసిగితే లెక్కలోకి రాకపోవచ్చు.

అయితే పేరు, ఇంటి చిరునామా, పుట్టిన తేదీ చెప్పకుండా దాచడం ఈ హక్కులోకి రాదు. చట్టప్రకారం అరెస్టయ్యాక అవి చెప్పకపోతే టెక్సాస్‌లో అదే ఇంకో నేరం, తప్పుడు పేరు చెప్పడం కూడా అంతే. ఇక నాన్నగారికి తెలిసిన ఎమ్మెల్యే గారి పేరు చెప్పడం, "ఎంతైనా ఇస్తాను సార్, ఇక్కడే తేల్చేద్దాం" అనడం... మొదటిది నవ్వులాటగా పోతుంది. రెండోది లంచం ఇవ్వజూపిన పెద్ద కేసవుతుంది, అసలు కేసు దాని ముందు చిన్నదైపోతుంది.

లోపలికి అడుగుపెట్టాక: వస్తువులు

కారు నేరుగా లోపలికి పోయే గేటు ఉంటుంది, వెనక ఒకటి మూసుకున్నాకే ముందుది తెరుచుకుంటుంది. దిగాక ఒళ్లంతా తడిమి చూస్తారు. బెల్టు, షూ లేసులు, వాచీ, పర్సు, ఫోను తీసేసుకుంటారు. ఉంగరాలు, గొలుసులు, మంగళసూత్రం, మెట్టెలు, జంధ్యం, మొలతాడు కూడా. మొలతాడు ఎందుకో చాలామందికి అర్థం కాదు. మెడకు బిగించుకోగలిగే తాడు ఏదీ లోపలికి పోనివ్వరు, అదే కారణం. మంగళసూత్రం విషయంలో గొడవపడిన అక్కలు ఉన్నారు. గెలిచినట్టు మాత్రం నేను వినలేదు. గొడవ వల్ల కేసులో ఇంకో వాక్యం చేరుతుంది. బరువు, పూసలు, సూత్రాలు ఎన్నో రాయమని అడగండి, అది న్యాయమైన కోరిక.

తీసుకున్న ప్రతి వస్తువూ జాబితాలో రాసి సంతకం పెట్టమంటారు. చదివి పెట్టండి. నగదు లెక్కపెట్టి మీ పేరున జైలు ఖాతాలో వేస్తారు. బయట ఉన్నవాళ్లు ఈ జాబితా నకలు కోసం ఇప్పుడు కంగారు పడనక్కర్లేదు.

ఫోన్ సంచిలోకి వెళ్లేముందు ఒక్కటి అడగండి: "రెండు నంబర్లు కాగితం మీద రాసుకోవచ్చా?" చాలాచోట్ల ఒప్పుకుంటారు. భార్య నంబరు కూడా నోటికి రాని రోజులివి. ఫోన్ లాక్ తీసి ఇవ్వమంటే ఇవ్వనక్కర్లేదు. అరెస్టయిన మనిషి ఫోన్ లోపల వెతకడానికి వారంటు కావాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరే అన్‌లాక్ చేసి ఇస్తే అది మీ ఒప్పుకోలు కిందికి వస్తుంది.

నర్సు ప్రశ్నలు: ఇక్కడ మాత్రం నిజం చెప్పండి

నోరు మూసుకోమని ఇంతసేపు చెప్పి ఇప్పుడు మాట్లాడమంటున్నాను, కారణం ఉంది. బుకింగ్‌లో ఒక నర్సో అధికారో ఆరోగ్యం గురించి అడుగుతారు: షుగర్, బీపీ, ఫిట్స్, ఉబ్బసం, గర్భం, వాడుతున్న మందులు, మద్యం ఎంత తాగారు, గతంలో ఎప్పుడైనా ప్రాణం తీసుకోవాలనిపించిందా, ఇప్పుడు అనిపిస్తోందా.

2015లో వాలర్ కౌంటీ జైల్లో సాండ్రా బ్లాండ్ అనే మహిళ, ట్రాఫిక్ గొడవలో అరెస్టయిన మూడు రోజులకు, సెల్‌లో చనిపోయింది. దాని మీద దేశమంతా అట్టుడికింది. 2017లో ఆమె పేరుతోనే టెక్సాస్ చట్టం చేసింది, మానసిక ఆరోగ్యం విషయంలో జైళ్ల బాధ్యతలు పెంచింది. ఆ ఫారంలోని ప్రశ్నలు మీకు మొక్కుబడిగా వినిపిస్తాయి. జైళ్లకు మాత్రం ఇలాంటి చావుల నుంచి నేర్చుకున్న పాఠాలవి.

మనవాళ్లు, ముఖ్యంగా మగవాళ్లు, చివరి ప్రశ్నకు అబద్ధం చెబుతారు. పరువు. అవునంటే ఏమవుతుందో కూడా దాచకుండా చెప్పాలి: బట్టలు తీసి చిరగని మందపాటి గౌను ఇస్తారు, విడి గదిలో పెడతారు, కొన్ని నిమిషాలకోసారి వచ్చి చూస్తారు. హాయిగా ఏమీ ఉండదు. అయినా మొదటి రాత్రి జైల్లో ఒంటరిగా, ఉద్యోగం పోయిందీ వీసా పోయిందీ అన్న ఆలోచనతో ఉన్న మనిషికి అది అవసరమైతే అడగాల్సిందే. ఫోన్‌లో మాట తేడాగా వినిపిస్తే బయట ఉన్నవాళ్లు వెంటనే జైలుకు ఫోన్ చేసి, ఈ ఖైదీ గురించి భయంగా ఉంది, మెడికల్ వాళ్లకు చెప్పండి అనొచ్చు. నిజానికి ఆ రాత్రి మీరు చేయగలిగిన పనుల్లో అన్నిటికన్నా విలువైనది ఇదే కావచ్చు.

మందుల దగ్గర ఒక చిక్కు. ఇంటి నుంచి సీసా తీసుకెళ్లి ఇస్తే మామూలుగా తీసుకోరు. ఇక్కడి ఫార్మసీకి ఫోన్ చేసి ప్రిస్క్రిప్షన్ సరిచూసుకుని జైలు వాళ్లే ఇస్తారు. ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న మందులకు ఇక్కడ రికార్డే ఉండదు. బ్రాండు పేరు చెబితే నర్సుకు తెలియదు. థైరోనార్మ్ అంటే లివోథైరాక్సిన్, గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్ అని మందు అసలు పేరు, మోతాదు చెప్పాలి. బయట ఉన్నవాళ్లు అట్టపెట్టె చూసి ఆ పేర్లు జైలు మెడికల్ విభాగానికి ఫోన్‌లో చెప్పండి.

వేలిముద్రలు, ఫొటో, ఆ తర్వాతి నిరీక్షణ

సిరా లేదు, గాజు పలక మీద స్కాన్ చేస్తారు. పది వేళ్లు, చాలాచోట్ల అరచేతులు కూడా. ముందునుంచి, పక్కనుంచి ఫొటో. కొన్ని తీవ్రమైన అభియోగాలకు బుగ్గ లోపల దూదిపుల్లతో డీఎన్ఏ తీస్తారు. దానికి 2013లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది.

ఈ వేలిముద్రలు జైల్లోనే ఉండిపోవు. రాష్ట్రం ద్వారా ఎఫ్‌బీఐకి, అక్కడినుంచి హోంల్యాండ్ సెక్యూరిటీకి వెళ్తాయి. మీరు వీసా కోసం హైదరాబాద్‌లో వేళ్లు పెట్టినప్పుడు తీసిన ముద్రలతో సరిపోలతాయి. కాబట్టి "ఇండియన్ అని చెప్పలేదు కదా, ఇమిగ్రేషన్‌కు తెలియదులే" అన్న ఆశ వదిలేయండి. అరెస్టయిన సంగతి, కేసు తేలకముందే, వాళ్లకు చేరిపోతుంది. పాత వారంట్లు కూడా అప్పుడే బయటపడతాయి. రెండేళ్ల కిందట కట్టడం మరిచిన స్పీడింగ్ టికెట్ వారంటుగా మారి ఉంటే దాని మీద కూడా పట్టుకుంటారు.

ఫొటో చాలా కౌంటీల్లో బహిరంగ రికార్డు. దాన్ని తీసి పెట్టుకుని క్లిక్కుల మీద బతికే వెబ్‌సైట్లు ఉన్నాయి, వాటి లింకు తెల్లారేసరికి మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఫార్వర్డ్ చేసే పెద్దమనుషులకు ఒక మాట: అది అభియోగం మాత్రమే.

ఇదే వరసలో దేశం అడుగుతారు. 1963 వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం ప్రకారం, విదేశీయుణ్ని నిర్బంధిస్తే, కాన్సులేట్‌కు తెలియజేయాలా అని అతన్ని అడగాలి. కొన్ని దేశాలవాళ్లయితే అడగకుండానే చెప్పి తీరాలి. ఆ జాబితాలో భారత్ లేదు. అంటే మీరు కావాలంటేనే చెబుతారు. టెక్సాస్‌కు హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్. వాళ్లు బెయిల్ కట్టరు, కేసు వాదించరు. ఇంటికి కబురు చేయడం, లాయర్ల జాబితా ఇవ్వడం, మీ బాగోగులు కనుక్కోవడం చేయగలరు. మర్నాడే బయటికొచ్చే చిన్న కేసయితే పెద్ద తేడా ఉండదు. ఎక్కువ రోజులు పట్టేలా ఉంటే తప్పక అడగండి.

ఇంతా అయ్యాక హోల్డింగ్ సెల్. సిమెంటు బల్ల, గదిలోనే టాయిలెట్, ఆరని లైటు, ఎముకలు కొరికే ఏసీ. పదిమంది ఉండొచ్చు, ఒక్కరే ఉండొచ్చు. తిండి అంటే చాలాసార్లు మాంసం ముక్క పెట్టిన బ్రెడ్డు. శాకాహారం కావాలని, అది మతపరమైనదని బుకింగ్‌లోనే చెప్పి రాయించాలి. అయినా మొదటి పూట అందకపోవచ్చు. లోపలి పెద్ద విభాగానికి పంపేముందు బట్టలన్నీ తీయించి వెతుకుతారు. చిన్న కేసువాళ్లను కూడా అలా వెతకొచ్చని 2012లో సుప్రీంకోర్టు అనుమతించింది. అవమానంగానే ఉంటుంది. యూనిఫాం, చేతికి పట్టీ, ఎవరితో ఉంచాలో తేల్చే నాలుగు ప్రశ్నలు, అంతే. ఎవరైనా బెయిల్‌తో ముందే వస్తే అంతదూరం వెళ్లకుండానే బయటపడతారు.

పక్కవాడు "ఏం కేసు బ్రో" అంటే "మా లాయర్ మాట్లాడొద్దన్నారు" అనండి. లాయర్ ఇంకా లేకపోయినా సరే.

ఫోన్ కాల్: రెండు నిమిషాల్లో ఏం చెప్పాలి

టెక్సాస్ జైలు నియమాల ప్రకారం, జైలుకు చేరిన నాలుగు గంటల్లోపు కనీసం రెండు ఫోన్ కాల్స్ పూర్తిచేసే అవకాశం ఇవ్వాలి. కాలిఫోర్నియాలో అయితే మూడు గంటల్లో మూడు. ఇండియా నంబర్లకు ఈ ఫోన్లు మామూలుగా పోవు, ఇక్కడి మనిషికే చేయాలి.

ప్రతి మాటా రికార్డవుతుంది. కాల్ మొదట్లోనే ఆ సంగతి చెబుతారు, మనవాళ్లు అది విని కూడా, "అసలేం జరిగిందంటే" అని మొదలుపెడతారు. అతను మొదలుపెట్టినా మీరు ఆపాలి. అడగాల్సినవి ఇవే: ఏ జైలు, బుకింగ్ నంబరు ఎంత, ఏం అభియోగం అన్నారు, మేజిస్ట్రేట్ ముందుకు వెళ్లావా, ఒంట్లో ఎలా ఉంది, మందులేమైనా కావాలా. ఆఖర్న "లాయర్ వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడకు, దేని మీదా సంతకం పెట్టకు". నేను ఆ రాత్రి అడిగిన మొదటి ప్రశ్న "ఎన్ని పెగ్గులు తాగావు రా" అని. లాయర్ తర్వాత నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

కుటుంబ హింస కేసయితే ఇంకో ప్రమాదం. భర్త జైలు నుంచి భార్యకే ఫోన్ చేసి "కంప్లయింట్ వెనక్కి తీసుకో" అంటాడు. అతని దృష్టిలో అది బతిమాలడం. రికార్డింగ్ వినే ప్రాసిక్యూటర్‌కు అది సాక్షిని ఒత్తిడి చేయడం. పైగా ఇక్కడ కేసు నడిపేది రాష్ట్రం. భార్య వద్దన్నా ఆగకపోవచ్చు. అత్తగారు ఇండియా నుంచి కోడలికి చేసే ఫోన్లు కూడా ఇదే కోవలోకి వస్తాయి, వాటిని ఆపించండి.

మేజిస్ట్రేట్ ముందు

టెక్సాస్‌లో అరెస్టయిన 48 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందుకు తీసుకురావాలి. వారంటు లేకుండా చిన్న నేరానికి అరెస్టు చేసి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ఆధారాలు చూసి సరేననకపోతే, 5,000 డాలర్లకు మించని బాండు (పూచీకత్తు) మీద వదలాలి. ఇది తరచుగా వీడియోలో జరుగుతుంది, ఐదు నిమిషాలు పట్టదు. అభియోగం చెబుతారు, హక్కులు చెబుతారు, బెయిల్ మొత్తం చెబుతారు.

సంజాయిషీ చెప్పుకునే చోటు కాదది. "సార్, నేను మంచి కుటుంబం నుంచి వచ్చాను, అది పొరపాటున జరిగింది" అంటే పొరపాటున జరిగిందని ఒప్పుకున్నట్టే. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే కోర్టు లాయర్ కావాలని అక్కడే అడగండి. ఎంఎస్ చదువుతున్న విద్యార్థి అడగడానికి సిగ్గుపడక్కర్లేదు. ఇంగ్లిష్ సరిగా రాని తల్లిదండ్రులు విజిటర్ వీసా మీద వచ్చి ఇరుక్కుంటే తెలుగు దుబాసీ కావాలని చెప్పాలి, తల ఊపితే లాభం లేదు.

కుటుంబ హింస కేసుల్లో మేజిస్ట్రేట్ అత్యవసర రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆయుధం లేని కేసుల్లో అది 31 నుంచి 61 రోజులు ఉంటుంది. అంటే విడుదలైనా ఇంటికి వెళ్లకూడదు. అతనికి ముందే వేరే చోట పడక చూడాల్సింది మీరే.

బెయిల్: డబ్బు తీసే ముందు

మూడు దారులు. మొత్తం మీరే కట్టే క్యాష్ బాండు. కోర్టుకు సరిగా హాజరైతే కేసు అయ్యాక చిన్న రుసుము పోను తిరిగొస్తుంది, రసీదు ఎవరి పేరున ఉంటే వాళ్లకే. రెండోది బెయిల్ బాండ్ కంపెనీ. సుమారు పదో వంతు ఫీజు తీసుకుని పూచీ ఉంటుంది. బాండు 2,000 డాలర్లయితే 200 చుట్టుపక్కల. ఈ ఫీజు తిరిగిరాదు. మూడోది సొంత పూచీకత్తు, డబ్బు ముందుగా కట్టకుండా మాట మీద వదలడం, అది ఇవ్వాలా వద్దా అన్నది న్యాయమూర్తి ఇష్టం. ఇల్లినాయ్‌లో 2023 సెప్టెంబరు నుంచి డబ్బు బెయిలే లేదు, అక్కడ ఈ లెక్కలు వర్తించవు.

నా అభిప్రాయం: బాండు చిన్నదై చేతిలో డబ్బుంటే క్యాష్ బాండే మేలు. కంపెనీ దగ్గర మీరు పూచీ సంతకం పెడితే, అతను కోర్టు ఎగ్గొట్టి ఇండియా విమానమెక్కితే మొత్తం మీ మెడకు చుట్టుకుంటుంది. స్నేహం ఎంతటిదో ఆ కాగితం చదివాక తేల్చుకోండి.

జైలు నుంచి మాట్లాడుతున్నానని చెప్పి జెల్ (Zelle) అనే బ్యాంకు చెల్లింపుతోనో గిఫ్ట్ కార్డులతోనో బెయిల్ కట్టమనేవాడు మోసగాడు. బుకింగ్ వివరాలు బహిరంగం కాబట్టి వాడికి మీ తమ్ముడి పేరు, అభియోగం అన్నీ తెలిసే ఉంటాయి. ఫోన్ పెట్టేసి జైలు నంబరుకు మీరే చేయండి.

డబ్బు కట్టేముందు తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న: "అతని మీద ఐస్ హోల్డ్ ఉందా?" ఐస్ అంటే ఇమిగ్రేషన్ చట్టాలు అమలు చేసే విభాగం. వాళ్లు డిటెయినర్ అనే కాగితం పంపితే, బెయిల్ వచ్చాక కూడా 48 గంటల వరకు పట్టి ఉంచమని జైలును కోరినట్టు. వాటిని పాటించి తీరాలని టెక్సాస్ 2017లో చట్టం చేసింది. హోల్డ్ ఉన్నప్పుడు బెయిల్ కడితే, అతను ఇంటికి రాకుండా ఇమిగ్రేషన్ కస్టడీకి పోవచ్చు. అప్పుడు ముందు మాట్లాడాల్సింది ఇమిగ్రేషన్ లాయర్‌తో. కౌంటీ జైళ్లు ఐస్‌కు గదులు అద్దెకిచ్చే పద్ధతి కూడా ఉంది. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ అనే నకిలీ యూనివర్సిటీ వ్యవహారంలో 129 మంది భారతీయ విద్యార్థులను పట్టుకున్నారు, అందులో తెలుగువాళ్లే ఎక్కువ. నేరారోపణ లేకుండా, వీసా నిబంధనల మీదే నిర్బంధించినా, వాళ్లలో చాలామంది రోజులు గడిపింది మామూలు కౌంటీ జైళ్లలోనే. అలా మారిపోయిన మనిషిని ఐస్ డిటెయినీ లొకేటర్‌లో వెతకాలి. అక్కడ కూడా ఆ ఎఫ్ఎన్‌యు గొడవ తప్పదు.

విడుదల

బాండు కట్టిన గంటలో వచ్చేస్తాడనుకుని పార్కింగ్‌లో కారు ఆన్‌లో పెట్టుకుని కూర్చోవద్దు. పెద్ద కౌంటీల్లో గంటలు పడుతుంది, తెల్లవారుజామున మూడింటికి బయటికి పంపుతారు. కుటుంబ హింస కేసుల్లో బాండు కట్టాక కూడా ఇంకొన్ని గంటలు ఆపే అధికారం చట్టం ఇచ్చింది. ఒక స్వెటరు, నీళ్లు, ఫోన్ ఛార్జర్, అరటిపండో పులిహోరో పట్టుకెళ్లండి. దారిలో ఉపదేశాలు వద్దు.

వస్తువుల సంచి అక్కడే విప్పి జాబితాతో సరిచూసుకోమనండి. బయటికొచ్చాక పోయిందంటే వినేవాళ్లుండరు. బాండు షరతుల కాగితం, కోర్టు తేదీ ఫొటో తీసుకోండి. తాగి నడిపిన కేసయితే లైసెన్సు తీసుకుని ఇచ్చే నోటీసు ఒకటి ఉంటుంది. టెక్సాస్‌లో అది అందిన 15 రోజుల్లోపు హియరింగ్ అడగకపోతే, క్రిమినల్ కేసుతో సంబంధం లేకుండా లైసెన్సు సస్పెండవుతుంది. నిద్రపోయి, సిగ్గుపడి, ఇంట్లో చెప్పాలా వద్దా అని ఊగిసలాడేలోపు ఆ పదిహేను రోజులు అయిపోతాయి.

గిల్టీ అనే ముందు, అన్న తర్వాత

ఇక్కడ ఎక్కువసేపు నిలబడాలి. మనవాళ్లు అసలు దెబ్బ తినేది జైల్లో కాదు, ఈ దగ్గరే.

లోపల రెండు రోజులున్న మనిషికి "తప్పు ఒప్పుకో, ఉన్న రోజులే శిక్షగా లెక్కేసి ఇప్పుడే పంపించేస్తాం" అన్న ప్రతిపాదన అమృతంలా వినిపిస్తుంది. అమెరికా పౌరుడికి అది నిజంగా మంచి బేరమే కావచ్చు. వీసా మీద ఉన్నవాడికి అది దేశం వదలాల్సిన కాగితం కావచ్చు. దుకాణంలో చిన్న దొంగతనం టెక్సాస్‌లో 100 డాలర్ల లోపు అయితే జరిమానాతో పోయే క్లాస్ సి, 100 నుంచి 750 లోపు అయితే 180 రోజుల దాకా జైలు పడగల క్లాస్ బి. ఇమిగ్రేషన్ చట్టం మాత్రం డాలర్లతో ఆగదు, దొంగతనాన్ని సాధారణంగా నీతి తప్పిన నేరాల గంపలో వేస్తుంది. సెల్ఫ్ చెకవుట్‌లో రెండు వస్తువులు స్కాన్ చేయకుండా సంచిలో వేసుకోవడం అక్కడ ఆ గంపలోకే వెళ్తుంది.

టెక్సాస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ అనే సదుపాయం ఉంది. తప్పు ఒప్పుకుంటే, ప్రొబేషన్ (షరతులతో నిఘాలో ఉండే గడువు) సరిగా పూర్తిచేస్తే శిక్ష పడినట్టు రాయరు. స్థానిక లాయర్ "కన్విక్షన్ కాదు, ధైర్యంగా ఉండు" అంటాడు, రాష్ట్ర చట్టం వరకు అతని మాట నిజం. కేంద్ర ఇమిగ్రేషన్ చట్టం మాత్రం, తప్పు ఒప్పుకుని ఏదో ఒక ఆంక్ష పడిందంటే దాన్ని కన్విక్షన్‌గానే చూస్తుంది. ఇలాంటి పరిణామాలను విదేశీ కక్షిదారుకు ముందే చెప్పడం లాయర్ బాధ్యత అని 2010లో పడిలా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి "నేను ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నాను, ఒప్పుకుంటే ఇమిగ్రేషన్ పరంగా ఏమవుతుందో రాసి ఇవ్వండి" అని అడగడం పొగరు కాదు.

తాగి నడిపిన అరెస్టుకే, తీర్పు రాకుండానే, వీసా రద్దయినట్టు విదేశాంగ శాఖ నుంచి ఈమెయిల్ రావచ్చు. రద్దయ్యేది పాస్‌పోర్టులోని స్టాంపు. దానంతటదే ఇక్కడ ఉండే హోదాను తీసేయదు. ఇండియా వెళ్తే మాత్రం కొత్త స్టాంపు లేకుండా తిరిగి రాలేరు. ఆ ఈమెయిల్ చూసి టెన్షన్‌లో టికెట్ బుక్ చేసుకున్నవాళ్లున్నారు. యూనివర్సిటీకో కంపెనీకో చెప్పాలా, ఎప్పుడు, ఏ మాటల్లో అన్నది కూడా లాయర్‌ను అడిగాకే.

వీసా దరఖాస్తు డీఎస్-160లో "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అని అడుగుతారు. కేసు కొట్టేసినా, రికార్డు చెరిపించినా జవాబు అవుననే. వేలిముద్రలు వాళ్ల దగ్గర ఉన్నాయని మరిచిపోకండి, కాదని రాస్తే అబద్ధమే పెద్ద నేరమవుతుంది. టెక్సాస్‌లో కేసు పోయాక రికార్డు చెరిపించుకునే ఎక్స్‌పంక్షన్ ఉంది, మంచిదే. కానీ చెరిపించాక కోర్టు దగ్గర కాగితమే ఉండదు, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఆఫీసరు అడిగితే ఏం చూపిస్తారు? అందుకని ఆ పిటిషన్ వేయకముందే కోర్టు క్లర్కు దగ్గర ముద్ర వేసిన తుది ఉత్తర్వు కాపీలు ఓ నాలుగు తీసుకోండి. ఒకటి లాయర్ దగ్గర, ఒకటి మీ దగ్గర, ఒకటి ఇంటికి. ఇంటికి పంపాలంటే ఇంట్లో చెప్పాలి కదా అన్నాడు మా రూమ్మేట్. నాలుగోది ఇప్పటికీ నా బీరువాలో ఉంది.